ఆరు సెకన్ల వంతు

పదమూడో తెరుపు. రోజు 1300.

ఈ ఉదయం పైడిరాజు గారి చొక్కాకు మూడో గుండీ తెల్లది. మిగతా నాలుగూ నీలం. నిన్న ఐదూ నీలమే. రిజిస్టరులో రాశాను.

నిలుపు గదిని తెరిచిన ప్రతిసారీ లోపల ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఏం తొడుక్కున్నారు, చేతిలో ఏముంది, అన్నీ రాయాలి. గది నడుస్తున్నప్పుడు దాని దగ్గర ఏ యంత్రమూ సరిగ్గా నమోదు చేయదు. గడియారాలు కూడా తప్పు చెబుతాయి. అందుకని ఒక ఇసుక గడియారం, ఒక పుస్తకం, చేతిరాత బాగున్న ఒక మనిషి కావలసి వచ్చింది. కాన్వెంటు నుంచి సిస్టర్ బెనిటా నన్ను పంపారు. అప్పుడు నాకు పదిహేడేళ్లు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడక్కరలేని పని అని కూడా ఆవిడే చెప్పారు.

నిలుపు గదిలో మంచం వరకూ కాలం నడవదు. బల్ల, కుర్చీలు, నా స్టూలు ఆ హద్దుకు ఇవతల. లోపల మంచం మీద తాయారు గారు ఉన్నారు. మంచు గనిలో తొలిచే బరమా విరిగి ఆమె కడుపులో దిగింది. లోపల రక్తనాళం చీలింది. ఈ స్థావరంలో సర్జన్ లేరు. సర్జన్ ఓడలో వస్తున్నారు. ఓడ ఈ కాలిస్టో ఉపగ్రహం చేరేది 1760వ రోజు ప్రాంతంలో. అంతవరకూ ఆమెను ఆపి ఉంచాలి. అయితే వంద రోజులకొకసారి గదిని తెరిచి మూయకపోతే గదే చెడిపోతుంది. తెరిచి ఉండేది ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లూ ఆమెకు మెలకువ ఉంటుంది. రక్తం కూడా కారుతుంది.

డాక్టర్ హైమవతి గారి లెక్క సులువు. ఆమె గుండె ఇంకా వెయ్యి సార్లు కొట్టుకునేసరికి రక్తం చాలకుండా పోతుంది. సర్జన్‌కు ఎనిమిది వందలు కావాలి. మా చేతిలో ఉన్నవి రెండు వందలు. మత్తు ఇస్తే గుండె నెమ్మదిస్తుంది, కానీ పక్కన సర్జన్ లేకుండా ఇస్తే ఆగిపోతుంది. ప్రతి తెరుపులోనూ డాక్టర్ గారు ఆమె మణికట్టు పట్టుకుని లెక్కపెడతారు. నేను రాస్తాను.

ఇవాళ పన్నెండు. మిగిలినవి నలభై. ఓడ వచ్చేలోపు ఇంకా నాలుగు తెరుపులు. పన్నెండు చొప్పున అయితే నలభై ఎనిమిది.

ఆట సంగతి కూడా రాయాలి. తాయారు గారు, సుభానీ గారు గనిలో ఒకే జట్టు. పైడిరాజు గారు పంపుల మేస్త్రీ. ప్రమాదానికి రెండేళ్ల ముందు నుంచి ముగ్గురూ బల్ల ఆట ఆడేవారు. పైడిరాజు గారు నిర్వాహకుడు. కథ ఆయనే చెబుతారు, రాక్షసులను ఆయనే నడుపుతారు, నిబంధనల పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది. తాయారు గారి పాత్ర గోరింట అనే మంత్రగత్తె. సుభానీ గారి పాత్ర బండయ్య అనే యోధుడు. ప్రమాదం జరిగిన రోజుకు వాళ్లు ఒక రాతి ఎలుగుతో పోరు మధ్యలో ఉన్నారు.

మొదటి తెరుపులో తాయారు గారు ఆరు సెకన్లూ అరిచారు. పదిహేను. రెండో తెరుపుకు పైడిరాజు గారు బల్లను మంచం పక్కకు జరిపించి, తెరిచీ తెరవగానే, "ఎలుగు నీ మీదికొస్తంది. నీ వంతు," అన్నారు. ఆమె అరవడం ఆపి, "పక్కకి దూకుతాను," అన్నారు. పది. ఆ రోజే డాక్టర్ గారు బల్లను, పాచికలను, ఎలుగు బొమ్మను వైద్య పరికరాల జాబితాలో చేర్చారు.

పుస్తకం ప్రకారం పోరులో ఒక రౌండు అంటే ఆరు సెకన్లు. మామూలుగా ఆ ఆరు సెకన్లు ఆడటానికి అరగంట పడుతుంది. తాయారు గారు ఒక్కరే ఆరు సెకన్లను ఆరు సెకన్లలో ఆడుతున్నారు. గది మూతపడ్డాక మిగతావాళ్లు తమ వంతులు ఆడి, మళ్లీ వంద రోజులు ఆగుతారు. ఆ బల్లకు రెండు కట్టుబాట్లు ఉన్నాయి. ఒకరి వంతు మరొకరు చెప్పకూడదు. నోటితో చెప్పిన వంతు వెనక్కి పోదు.

మరి పది ఉన్నది పన్నెండు ఎందుకైందంటే, మా వల్ల. తాయారు గారికి ప్రమాదం తర్వాత ఇప్పటికి గడిచింది డెబ్బై ఎనిమిది సెకన్లు. ఆ డెబ్బై ఎనిమిది సెకన్లలో సుభానీ గారికి గడ్డం వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. డాక్టర్ గారికి కళ్లద్దాలు వచ్చాయి. పైడిరాజు గారు సగమయ్యారు. గోడ పక్కన స్టూలు మీద నా జడ రెండుసార్లు పొడుగు మారింది. తేదీ చెప్పకూడదని డాక్టర్ గారి ఆజ్ఞ. చెప్పకపోయినా ఆమెకు కళ్లున్నాయి. నాలుగో తెరుపులో కళ్లకు గుడ్డ కట్టి చూశారు. పద్నాలుగు. ఐదో తెరుపులో విప్పేశారు.

ఇవాళ తెరవగానే ఆమె చూపు గుండీ మీదికి వెళ్లింది. పైడిరాజు గారు ఎలుగును కుడిచేత్తో బల్లకు అంగుళం పైన పట్టుకుని, "బండయ్యకి ఇసం ఎక్కింది. మూడు ప్రాణాలు మిగిల్నాయి. నీ వంతు," అన్నారు.

ఆమె, "కాలస్తంభన," అన్నారు.

మిగిలిన రెండు సెకన్లూ సుభానీ గారి గడ్డం చూశారు. మూసేశాం.

అదే రోజు, మధ్యాహ్నం.

భోజనాల గదిలో పుట్టగొడుగుల పులుసు. మంత్రం ఎన్ని వంతులు నిలుస్తుందో తేల్చడానికి పైడిరాజు గారు నాలుగు ముఖాల పాచిక వేశారు.

"మూడు. ఒకటి కలుపుకుంటే నాలుగు. నాలుగు వంతులు వరసాగ్గా ఆ పిల్లవే."

"నా విషం సంగతేంది మామా?" అన్నారు సుభానీ గారు. "రౌండుకి నాలుగు ప్రాణాలు తింటంది. నాకున్నయ్యి మూడు."

"కాలం ఆగిపోనాది కదేటి. ఇసానికీ ఆగిపోనాది."

"అంటే నాలుగొందల రోజులు నేను చావను."

"సావవు. బతకవు గూడా. ఊరికే ఉంటావు."

"మా ఆవిడా అదే అంటది."

డాక్టర్ గారు చెంచా కింద పెట్టారు. "వచ్చే తెరుపులో ఆమెతో ఏం చెబుతారు?"

"ఏటీ సెప్పం," అన్నారు పైడిరాజు గారు. పుస్తకం తెరిచి వేలు పెట్టారు. "మంత్రం ఏసినోళ్లకి తప్ప అందరికీ కాలం ఆగుద్ది. ఆగిపోయినోడు కదల్డు, మాటాడ్డు."

"మీరు నిర్వాహకులు కదా. మీరు ఆగరు."

"నా బల్ల మీద అందరూ ఆగుతారు. కాలం అంటే కాలమే."

"మనుషులందరూ పలక్కుండా బొమ్మల్లా కూర్చుంటే ఆమె గుండె ఇరవై కొట్టుకుంటుంది. ఉన్నవి నలభై, పైడిరాజు గారూ. మీకు నిబంధన కావాలా, మనిషి కావాలా?"

ఆయన పులుసు చాలాసేపు కలిపారు. దగ్గు వస్తే ఆగి, మళ్లీ కలిపారు.

"ఆ మంచం మీద ఆమె సెయ్యగలిగింది ఒకటే, డాట్రమ్మా. నోటితో ఒక మాట సెప్పడం. ఆ మాట సెల్లకపోతే ఇంకేటుంది ఆమెకి ఈడ?"

నేను రిజిస్టరులో వెనక పేజీ చించి, రెండు వాక్యాలు రాసి, ఆయన గిన్నె పక్కకు జరిపాను. ఆయన పైకి చదివారు.

"కాలం ఆగితే మనం మారకూడదు. ఈ ఉదయం ఎవరు ఎలా ఉన్నారో నా దగ్గర రాసి ఉంది."

సుభానీ గారు గడ్డం పట్టుకున్నారు. "ఏందమ్మా ఫిలోమినా, ఇదా?"

"ఇంతే పొడుగు. నాలుగు వందల రోజులు," అన్నాను.

ఆ బల్ల దగ్గర అంతకు ముందు నేనంత పెద్ద మాట అనలేదు.

రోజు 1341.

సుభానీ గారి గడ్డం మళ్లీ కొలిచాం. బొటనవేలు వెడల్పు. వారానికొకసారి కొలిచి కత్తిరించాలి. వాళ్లావిడ కొలుస్తానన్నారు, కత్తెర మాత్రం నాకే ఇచ్చారు. పైడిరాజు గారి చొక్కాను మడిచి, తెల్ల గుండీ పైకి కనపడేలా నా పెట్టెలో పెట్టాను. డాక్టర్ గారి కళ్లద్దాలకు ఎడమ వైపు చిన్న గీత ఉంది. కొత్త అద్దాలు తయారైనా ఆవిడ తీసుకోలేదు.

పైడిరాజు గారు రోజూ గోంగూర మడికి నీళ్లు పెట్టి, వచ్చి, ఎలుగును పట్టుకుని చెయ్యి గాలిలో ఉంచి సాధన చేస్తున్నారు. గది సరిగ్గా ఏ నిమిషంలో తెరుచుకుంటుందో ముందు తెలియదు. కనీసం ఐదు నిమిషాలు ఉంచగలగాలి. మూడు నిమిషాలకు వణుకుతోంది.

"ఎలుగుని కింద పెట్టిన సమయంలో మంత్రం ఏసుంటే బాగుండును," అన్నారు.

పద్నాలుగో తెరుపు. రోజు 1400.

అందరూ పదమూడో తెరుపులో ఉన్నట్టే ఉన్నారు. నేనూ అంతే. కలం కాగితం మీద ఆనించి, రాయకుండా కూర్చున్నాను. ఇది తర్వాత రాస్తున్నాను.

గది తెరుచుకుంది. తాయారు గారు సుభానీ గారి గడ్డం చూశారు. పైడిరాజు గారి గుండీ చూశారు. ఎవరూ కదల్లేదు. ఆమె ముఖంలో ఏదో సర్దుకుంది. నవ్వు అని రాయలేను, రిజిస్టరులో చూసింది మాత్రమే రాయాలి.

"మందు సీసా తీసి బండయ్య కాళ్ల మధ్య పెడతాను," అన్నారు.

ఎనిమిది. ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. డాక్టర్ గారు గది బయటికి వచ్చాక గోడకు ఆనుకుని నిలబడ్డారు. మిగిలినవి ముప్పై రెండు.

మధ్యాహ్నం గొడవైంది. మంత్రం నడుస్తుండగా వేరేవాళ్లను గాని, వాళ్ల ఒంటి మీది వస్తువును గాని తాకితే మంత్రం చెదురుతుంది.

"కాళ్ల మధ్య అంటే బూటుకి తగిలినట్టే," అన్నారు సుభానీ గారు. "బూటు నా ఒంటి మీదిది."

"నీ కాళ్లు ఎంత ఎడంగా ఉన్నాయి?"

"నాకేం తెల్సు? బండయ్యవి కదా."

"యోధుడు. మూరెడు ఎడం ఉంటాది. సీసా బెత్తెడు. తగల్లేదు."

"తగిలింది అను మామా, మంత్రం పోద్ది, రేపు గడ్డం తీసేస్తా."

"తగల్లేదు," అన్నారు పైడిరాజు గారు. పుస్తకం మూశారు.

పదిహేనో తెరుపు. రోజు 1500.

"ఎలుగు కాళ్ల కింద నూనె పోస్తాను."

ఎనిమిది. మిగిలినవి ఇరవై నాలుగు. పైడిరాజు గారి చెయ్యి ఏడు నిమిషాలు నిలబడింది. తర్వాత ఆయన దాన్ని ఎడమచేత్తో పట్టుకుని కిందికి దించుకున్నారు.

రోజు 1547.

పైడిరాజు గారు ఈ ఉదయం గోంగూర మడి గట్టు మీద కూర్చుని చనిపోయారు. ముందు నీళ్ల పైపు మూసేశారు. ఊపిరితిత్తుల్లో మంచు ధూళి, ముప్పై ఏళ్లది.

సుభానీ గారే కబురు చెప్పడానికి వచ్చారు. చెప్పలేక, "నీళ్లు కట్టేసే పోయాడు," అని మాత్రం అన్నారు.

రోజు 1552.

నిన్న పాతిపెట్టారు. ఇవాళ భోజనాల గదిలో ముగ్గురం కూర్చున్నాం. ఆయన గిన్నె అలవాటుగా ఎవరో తెచ్చిపెట్టారు. ఎవరూ తీయలేదు.

"గది తెరిస్తే ఖాళీ కుర్చీ," అన్నారు డాక్టర్ గారు. "ఆమె లెక్కలో పెద్దాయన ఒక్క క్షణం కిందటే అక్కడున్నారు. ఎన్ని కొట్టుకుంటుందో నేను చెప్పలేను. ఇరవై నాలుగున్నాయి. రెండు తెరుపులున్నాయి."

"వంతు ఆపేద్దామా?" అన్నారు సుభానీ గారు.

"గదిని ఆపలేం."

సుభానీ గారు పుస్తకం తెచ్చారు. పైడిరాజు గారు వేలు పెట్టిన చోట మరక ఉంది. చాలాసేపు చదివారు.

"కాలం ఆగి ఉండగా మనుషులు పోవడం గురించి ఇందులో ఏమీ లేదు," అన్నారు. "ఆగినోడు ఆగినోడే. ఆగినోడు లేచి పోడానికి లేదు."

"ఆయన పోయారు సుభానీ."

"తెల్సు డాక్టరమ్మా. నాకు తెల్సు. పుస్తకానికి తెలీదు."

ఆయన చొక్కా నా పెట్టెలో ఉందని చెప్పాను. టోపీ కూడా ఉంది. మంచం మీద నుంచి ఆయన ముఖం కనపడదు, తల బల్ల మీదికి వంచి ఉండేవారు. కనపడేది చొక్కా ముందు భాగం, టోపీ అంచు, కుడిచెయ్యి. నేను ఆయనంత సన్నంగానే ఉన్నాను. చివరికి ఆయనే నా అంత అయ్యారు.

"చెయ్యి నిలబెట్టగలవా?" అన్నారు డాక్టర్ గారు.

"రోజూ చూశాను," అన్నాను. అది జవాబు కాదు గానీ ఆవిడ తల ఊపారు.

నా స్టూలు ఖాళీ కాకూడదు. సిస్టర్ బెనిటాను అడగడానికి వెళ్లాను. ఆవిడకు అరవై ఒకటి. నా చున్నీ కప్పుకుని, నా జడలాంటిది ఒకటి పాత తాడుతో అల్లించుకుంటానన్నారు.

"ఇది అబద్ధమా సిస్టర్?"

"కదలకుండా కూర్చోవడం అబద్ధం కాదమ్మా. రిజిస్టరులో మాత్రం నిజం రాద్దాం."

పదహారో తెరుపు. రోజు 1600.

ఈ తెరుపు రిజిస్టరులో సిస్టర్ బెనిటా చేతిరాతలో ఉంది. ఎవరి చొక్కాలో ఎవరున్నారో ఆవిడ స్పష్టంగా రాశారు. నాకంటే బాగా రాశారు. ఇది నా సొంత పుస్తకం.

చొక్కాకు ఇంకా గోంగూర వాసన ఉంది. ఎలుగు బరువు నేననుకున్నదానికంటే ఎక్కువ. నాలుగు నిమిషాలు పట్టుకున్నాక గది తెరుచుకుంది. నేను బల్ల వైపే చూడాలి. తాయారు గారు నాకు కనపడరు. ఊపిరి వినపడింది.

ఒకటి, రెండు, మూడు. ఆమె ఏమీ అనలేదు. ఇంతకు ముందు ఎప్పుడూ అంత ఆలస్యం చేయలేదు. ఊపిరి తెగినట్టు ఆగి, మళ్లీ వచ్చింది. ఆమె నా చేతిని చూస్తున్నారని నాకు తెలిసింది. ఎలా తెలిసిందో రాయలేను.

ఐదో సెకనులో, "గోరింట కళ్లు మూసుకుంటుంది," అన్నారు. "మంత్రం అయిపోయేదాకా."

మూతపడింది.

"పదమూడు," అన్నారు డాక్టర్ గారు.

మిగిలినవి పదకొండు. ఇంకా ఒక తెరుపుంది.

నా చెయ్యి చాలాసేపు దిగలేదు. సుభానీ గారు వేళ్లు ఒక్కొక్కటే విప్పి ఎలుగును తీశారు.

రోజు 1688.

ఓడ నుంచి కబురు వచ్చింది. 1762కు దిగుతుంది. ముందు రాదు.

పదిహేడో తెరుపుకు నేను మళ్లీ ఆ కుర్చీలో కూర్చోవాలని డాక్టర్ గారు అన్నారు. సుభానీ గారు వద్దన్నారు. వాళ్లిద్దరూ పెద్దగా అరుచుకోవడం నేను చూడటం ఇదే మొదటిసారి.

"కళ్లు తెరిస్తే? తెరిచి ఖాళీ కుర్చీ చూస్తే? పదకొండు సుభానీ! పన్నెండు కొట్టుకుంటే ఓడలో ఎవరొచ్చినా ఒకటే!"

"తెరవదు."

"నీకెలా తెలుసు?"

"చెప్పింది గదా! గోరింట కళ్లు మూసుకుంటుంది, మంత్రం అయిపోయేదాకా. ఆమె నోటితో ఆమె వంతు చెప్పింది. మళ్లీ ఈ పిల్లని పెద్దాయన చొక్కాలో కూర్చోబెట్టామనుకో, నువ్వు చెప్పింది మేం నమ్మలేదని ఆమెకి చెప్పినట్టు. ఆమె చూడకపోయినా చెప్పినట్టే."

"ఇది ఆట కాదు!"

"డాక్టరమ్మా," అన్నారు సుభానీ గారు, మెల్లగా. "బల్లని మందుల పట్టీలో రాసింది నువ్వే."

డాక్టర్ గారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు. కూర్చునేది నువ్వు."

నాకు ఏదైనా చెప్పమంటే కాగితం కావాలి. కాగితం దగ్గర లేదు.

"పైడిరాజు గారుంటే వంతు వెనక్కి పోదనేవారు," అన్నాను.

డాక్టర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. గీత అలాగే ఉంది.

పదిహేడో తెరుపు. రోజు 1700.

నేను నా స్టూలు మీద. సిస్టర్ బెనిటా కాన్వెంటులో, ప్రార్థనలో. సుభానీ గారు బల్లకు అవతల, గడ్డం అదే పొడుగు. డాక్టర్ గారు మంచం పక్కన, వేళ్లు ఆమె మణికట్టు కోసం సిద్ధంగా. పైడిరాజు గారి కుర్చీ ఖాళీ. ఎలుగు బల్ల మీద నిలబడి ఉంది.

తెరుచుకుంది. తాయారు గారి కళ్లు మూసి ఉన్నాయి. గట్టిగా కాదు, నిద్రపోయేవాళ్ల కళ్లలా. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం. ఆమె ఒక్కరే ఊపిరి తీశారు.

"కళ్లు తెరవను," అన్నారు. "ఎవరికైనా చెయ్యి నొప్పిపెడుతుంటే దించేసుకోండి."

మూతపడింది.

ఏడు.

మిగిలినవి నాలుగు. సుభానీ గారు బయటికి వెళ్లి, గనికి వెళ్లే దారిలో నిలబడి, గోడ వైపు తిరిగారు. డాక్టర్ గారు అంకె రెండుసార్లు చెప్పారు. నేను ఒక్కసారే రాశాను.

రోజు 1762.

ఓడ దిగింది. సర్జన్ పొట్టిగా ఉన్న ఒకావిడ, పేరు నీలోత్పల. ఇక్కడి బరువు అలవాటు లేక గోడలు పట్టుకుని నడిచారు. గదిలో బల్ల చూసి, "ఇదెందుకిక్కడ?" అన్నారు. డాక్టర్ గారు పరికరాల జాబితా చూపించారు. ఆవిడ చదివి, ఎలుగు దగ్గర కాసేపు ఆగి, చేతులు కడుక్కోవడానికి వెళ్లారు.

తెరిచారు. ఈసారి మూయలేదు. మత్తు పైపు చేతికి పెట్టేదాకా తాయారు గారు కళ్లు మూసుకునే ఉన్నారు. డాక్టర్ గారు పైకి లెక్కపెడుతుంటే నేను వందకొక గీత గీశాను. ఏడు వందల దగ్గర సర్జన్ నుదుటి మీద చెమట పట్టింది. ఎనిమిది వందల దగ్గర డాక్టర్ గారి గొంతు ఆగలేదు గానీ నా కలం ఆగింది. ఎనిమిది వందల ఒకటి. ఎనిమిది వందల రెండు.

"పట్టుకున్నాను," అన్నారు సర్జన్.

రెండు మిగిలాయి. రిజిస్టరులో ఆఖరి గడిలో రాసి, కింద గీత గీశాను. తర్వాత ఆ గుండె ఎన్ని సార్లు కొట్టుకుందో ఎవరూ లెక్కపెట్టలేదు.

రోజు 1766.

తాయారు గారు దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. జావ తాగారు. సుభానీ గారు గడ్డం తీసేశారు. ముఖం కింది సగం తెల్లగా ఉంది.

"పెద్దాయన ఎప్పుడు?" అన్నారామె.

"రెండొందల ఇరవై రోజులవుతోంది."

ఆమె వేళ్ల మీద ఏదో లెక్కపెట్టారు. "నాకు పన్నెండు సెకన్లు."

సుభానీ గారు కిటికీ వైపు చూశారు. ఈ గదికి కిటికీ లేదు, కిటికీ బొమ్మ ఉంది.

"బాధపడ్డాడా?"

"లేదు. నీళ్లు కట్టేసి కూర్చున్నాడు."

"కట్టేసుంటాడు," అన్నారామె. కళ్లు తుడుచుకోలేదు. నీళ్లు కారనిచ్చారు. కాసేపటికి సుభానీ గారు పుస్తకాన్ని ఆమె ఒళ్లో పెట్టారు.

"మంత్రం అయిపోయింది. నాకింకా మూడు ప్రాణాలున్నయ్యి. కాళ్ల మధ్య సీసా ఉంది. వంగి తాగాలి. కానీ ఎలుగుని నడిపేవాళ్లు లేరు."

ఆమె తల తిప్పి నన్ను చూశారు. నేను అలవాటుగా గోడ పక్కనే ఉన్నాను.

"ఆ చెయ్యి నీదే కదూ?"

"అవునండి."

"పెద్దాయన కుడి బొటనవేలుకి గోరు లేదు. పంపులో పోయింది. నీకు ఐదూ ఉన్నాయి."

రిజిస్టరులో గుండీ రంగు ఉంది. అద్దం మీద గీత ఉంది. గోరు లేదు. పదిహేను తెరుపుల్లో నేను ఆ చేతిని పదిహేనుసార్లు చూశాను.

"క్షమించండి," అన్నాను.

"దేనికి? వణకలేదు. ఆయనది వణికేది." నా ముఖం వైపు తిరిగారు. "నీ పేరేంటమ్మా?"

చెప్పాను.

"ఈ పిల్లకి పుస్తకమంతా నోటికొచ్చు," అన్నారు సుభానీ గారు. "నాలుగొందల రోజులు నా గడ్డం కొలిచింది. ఇంకో తీర్పరి మనకి దొరకదు."

తాయారు గారు ఎలుగును తెమ్మన్నారు. తెచ్చి ఇవ్వబోతే తీసుకోలేదు. నా వేళ్లను దాని మీద మూసి, పైన తన చెయ్యి పెట్టారు. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది.

"మాకు నిర్వాహకురాలిగా ఉంటావా, ఫిలోమినా?"

నిర్వాహకుల పని రాక్షసులను నడపడం, తీర్పు చెప్పడం. వాళ్లకు సొంత పాత్ర ఉండదు. పుస్తకంలో మొదటి పేజీలోనే రాసి ఉంది.

ఉంటానన్నాను. సుభానీ గారు బల్లను మంచం దగ్గరికి లాగడానికి లేచారు.

నా పెట్టెలో అడుగున, ఆ ఆటలో నా కోసం నేను రాసుకున్న ఒక పాత్ర కాగితం ఉంది. మూడో తెరుపు నాటిది. గళ్లన్నీ నింపి ఉన్నాయి.